నారు పోయుటకు ఎట్టి మన్ను కావలెను?

విత్తనము మొలవనప్పుడు నింద మొట్టమొదట విత్తనముమీదనే పడును. పాత సరకు అంటగట్టినాడని దుకాణదారుని తిట్టుదుము. మొలచిన నారు నాలుగవనాడో అయిదవనాడో మొదలువద్ద మెత్తబడి ఒరిగిపోయినచో నీరు చాలలేదనుకొని మరికొంత పోయుదుము. దానితో మిగిలిన మొక్కలును పోవును. మిద్దెతోటలను గూర్చి మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో ఈ ఫిర్యాదు ఏటేట రెండుమారులు, తొలకరికి ముందొకసారి, దసరాకు ముందొకసారి, తప్పక కనబడును. వంగ, టమాట, మిరప నారు పోసుకొను దినములవి. వ్రాయువారిలో ఎక్కువమంది విత్తనమును గూర్చి అడుగుదురు. మన్నును గూర్చి అడుగువారు అరుదు.

సంకరజాతి విత్తనముల పొట్లము పోయినచో మరియొకటి కొనవచ్చును. నష్టము డబ్బుతో తీరును. కాని కొన్ని ఇండ్లలో అమ్మమ్మగారి ఊరినుండి తెచ్చుకొన్న ముళ్లవంకాయ విత్తనమో, పెరటిలో తరతరములుగా కాయుచున్న నాటు టమాట విత్తనమో చిటికెడు మాత్రమే మిగిలియుండును. దానిని తెలియక చెడిపోయెడి మంటిలో చల్లినచో ఆ రకము ఆ ఇంట ఆనాటితో సరి. అందుచేత ఈ పర్యాయము విత్తనమును విడిచి, దానిని పట్టుకొని కూర్చుండు మన్నును గూర్చి చెప్పదలచితిమి.

బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు, ఆనప, బీర వంటివానికి ఈ శ్రమ అక్కరలేదు. వాని గింజలు పెద్దవి. నిలువవలసిన చోటనే పెట్టుట మేలు. వంగ, టమాట, మిరప, క్యాబేజి, కాలిఫ్లవరు వీని గింజలు చిన్నవి, మొలకలు నాజూకువి. వీనిని వసారాలోనో, వెలుతురు వచ్చు కిటికీ వద్దనో ట్రేలలో, కుండీలలో మొలిపించి, మూడునాలుగు వారములు పెంచి, పిమ్మట నాటుకొందుము. వానదెబ్బ, చీమలు, ఉడుతలు, పిచ్చుకలు, నడిమధ్యాహ్నపు ఎండ వీనినుండి కాపాడుటకే ఇంటిపట్టున పెంచుట.

ఇక మన్ను మాట. మంచి మన్ను అనగానే మనకు తోచునది బలమయిన మన్ను. పెంట ఎక్కువ వేసిన నల్లని మన్ను తెచ్చి నారు పోసినచో మొక్క బలిష్ఠముగా వచ్చునని నమ్మకము. విత్తనము విషయములో ఈ నమ్మకము చెల్లదు. పెసలను తడిగుడ్డలో మూటకట్టి ఉంచినచో రెండవనాటికి తెల్లని మొలకలు వచ్చుట ప్రతి గృహిణియు ఎరుగును. ఆ గుడ్డలో బలమెక్కడిది? విత్తనము తనకు కావలసిన తొలి ఆహారమును తనలోనే మూటకట్టుకొని పుట్టినది. వంగ, మిరప గింజలలోను చిన్న మూట కలదు. రెండు బీజదళములు విచ్చుకొని వెలుతురు త్రాగువరకు అది సరిపోవును. అంతవరకు విత్తనము మన్నునుండి కోరునవి నీరు, గాలి, వెచ్చదనము, శుభ్రత. ఎరువు ఆ పట్టికలో లేదు.

ఈ నాలుగింటిలో నీరు, గాలి ఒకదానికొకటి పోటీ. మంటిరేణువుల నడుమ నుండు సందులలో నీరు నిండినచో గాలికి చోటుండదు. గాలియే నిండినచో విత్తనము ఎండును. వేరుకు ఊపిరి కలదు. అది ప్రాణవాయువును పీల్చును. మంచి నారుమన్ను అనగా నీరు పోసి, అదనపు నీరు కారిపోయిన పిమ్మట, చిన్న సందులలో నీరును, పెద్ద సందులలో గాలియు ఒక్కమారే నిలుచునట్టిది. మిగిలినదంతయు దీని వెనుకనే వచ్చును.

పెరటిలో చక్కగా కాపు కాయుచున్న మన్నే ట్రేలోనికి తెచ్చినచో ఏల చెడునని అనేకులు అడుగుదురు. దీనికి వంటింటిలోనే ఒక ప్రయోగము కలదు. గిన్నెలు తోము స్పాంజిని నీటిలో పూర్తిగా ముంచి, అరచేతిలో బల్లపరుపుగా పట్టుకొనుడు. కారవలసిన నీరు కారి ఆగిపోవును. ఇప్పుడు దానిని పిండకుండ నిటారుగా నిలబెట్టుడు. మరల నీరు కారును. స్పాంజి మారలేదు, దాని ఎత్తు మాత్రము మారినది. మన్ను కూడ ఇట్టి స్పాంజియే. ఏ పాత్రలోనైనను అడుగున ఒక పొర నీటితో నిండిపోయి, కారకుండ నిలిచియుండును. ఒకే మన్ను అయినచో ఆ పొర మందము చిన్న పాత్రలోను, పెద్ద పాత్రలోను దాదాపు ఒక్కటే. నేలలో అది వేళ్లకు ఎంతో దిగువ నుండును గనుక బాధలేదు. రెండంగుళములయిననులేని ట్రే గూటిలో ఆ పొరయే ముప్పాతిక భాగమును ఆక్రమించును. అదే మన్ను నేలపై నుండగా మంచిది, గూటిలోనికి వచ్చినప్పుడు బురద.

కుండీ అడుగున పెంకులో, గులకరాళ్లో పొరగా పరచినచో నీరు చక్కగా జారునని పెద్దలనుండి వచ్చిన మాట ఒకటి కలదు. రంధ్రమునకు అడ్డముగ ఒక్క పెంకు ఉంచుట మంచిదే, మన్ను జారిపోదు. కాని రాళ్ల పొర వలన నీరు త్వరగా దిగదు. సన్నని సందులనుండి పెద్ద సందులలోనికి దిగుటకు ముందు పైనున్న మన్ను పూర్తిగా నానవలెను. కాబట్టి తడిపొర రాళ్లమీదికి, అనగా వేళ్ల దగ్గరకు, జరుగును. ఈ మాట వినుటకు చాలమంది ఇష్టపడరు.

మన ప్రాంతపు నేలలను చూతము. గుంటూరు, ప్రకాశము, కర్నూలు జిల్లాల నల్లరేగడి నీటిని బాగుగ పట్టును, కాని తడిసినప్పుడు ఉబ్బి ముద్దయగును, ఎండినప్పుడు నెఱ్ఱెలు వారును. లేతవేరు ఆ నెఱ్ఱెలలో తెగిపోవును. తెలంగాణపు ఎఱ్ఱచల్కా వదులుగా నుండును, కాని నీరు నిలుపదు, పైన పెచ్చు కట్టును. మిరప మొలక ఆ పెచ్చును ఎత్తలేక లోపలనే వంగిపోవును. గోదావరి, కృష్ణల ఒండ్రు కొంత మేలయినను అందలి సన్నని రేణువులు గూటిలో పేరుకొనును. నల్లరేగడిలో గుప్పెడు ఇసుక కలిపినచో సర్దుకొనునని తలచుట కూడ పొరపాటే. బంకమంటిలో కొద్ది ఇసుక కలిపినచో వచ్చునది నారుమన్ను కాదు, ఇటుకమన్ను. ఇసుక సగమునకు మించినప్పుడే దాని గుణము కనబడును; అప్పుడు ట్రే ఎత్తుటకు ఇద్దరు కావలెను.

శుభ్రత సంగతి మరియు ముఖ్యమయినది. నారు మొదలువద్ద నీటిలో నానినట్లయి, దారమువలె సన్నబడి, పచ్చగా నుండగనే ఒరుగుటను రైతులు నారుకుళ్లు తెగులందురు. పిథియం, రైజోక్టోనియా అను సూక్ష్మజీవులు దీనికి ముఖ్య కారకములు. ఇవి నేలలో ఎల్లప్పుడును ఉండునవే. పిథియం బీజములు నీటిలో ఈదగలవు. మన్ను ఎంత తడిగానున్న వానికి అంత రహదారి. కొన్నిసార్లు మొలక మన్నును చీల్చుకొని రాకముందే ఇవి దానిని తినివేయును. విత్తనము మొలవనేలేదని మనము అనుకొందుము. అది మొలచినది, పైకి రాలేదు.

ఈ తెగులే ఇంగ్లండులో నారుమన్ను శాస్త్రమునకు దారితీసినది. 1930ల వరకు అచ్చటి తోటమాలులకు ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క మంటిపాకము; ఎవరిది వారికి రహస్యము. లండను శివారులలోని మెర్టనులో జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధన సంస్థవారు పరిశోధనకై పెంచుచున్న ప్రిమ్యులా నారు మంటి తెగులుతో నశించుచుండెను. అచ్చట పనిచేయుచున్న విలియం లారెన్సు, జాన్ న్యూయెల్ అనువారు వరుసగా ప్రయోగములు చేసి, విత్తుటకు ఒక మిశ్రమము, పెంచుటకు మరియొకటి చాలునని తేల్చిరి. విత్తనములకు వారు చెప్పిన పాళ్లు: ఆవిరితో శుద్ధిచేసిన తోటమన్ను 2, పీటు 1, ఇసుక 1, దానికి కొద్దిపాటి సూపరు ఫాస్ఫేటు, సుద్దపొడి. 1939లో ఆ విషయము గ్రంథరూపమున వెలువడినది. చలిదేశముల చిత్తడి నేలలలో నాచు వేలయేండ్లు చివికి యేర్పడిన పదార్థమే పీటు.

అయితే మంచి తోటమన్ను అన్నిచోట్ల ఒకే రీతి దొరకదు. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు సన్నయిసుక, పీటు మాత్రమే కలిపిన మిశ్రమములను వివరించుచు ఒక గ్రంథమును ప్రకటించిరి. 1960లలో న్యూయార్కు రాష్ట్రమందలి కార్నెల్ విశ్వవిద్యాలయమువారు ఇసుకను సైతము తీసివేసి, వేడికి పొంగించిన అభ్రకజాతి ఖనిజమగు వర్మిక్యులైటును పీటులో కలిపిరి. మన్ను లేని మన్ను అప్పటినుండి వాడుకలోనికి వచ్చినది. నేడు మన నర్సరీలలో కనబడు ట్రేలన్నియు ఆ వంశమునకు చెందినవే.

మనకు పీటు దూరదేశపు సరకు. దానికి మారుగా కొబ్బరి పొట్టు దొరికినది. కోనసీమలోను, శ్రీకాకుళపు ఉద్దానములోను కొబ్బరి డొక్కలనుండి పీచు తీయగా రాలు గోధుమరంగు పొట్టు ఒకప్పుడు పనికిరాని చెత్తగా గుట్టలు పడియుండెడిది. నేడు దానిని ఒత్తి, ఇటుకలుగా కట్టి, కోకోపీటు అను పేర అమ్ముచున్నారు. అది తన ఎండుబరువునకు 8 రెట్లవరకు నీటిని పట్టును. అయినను లోపల గాలికి చోటు మిగుల్చును. మంటి తెగుళ్ల బెడద అందులో బహు తక్కువ. 650 గ్రాముల ఇటుకను నీటిలో నానవేసినచో సుమారు 8 లీటర్ల పొట్టగును. 98 గూళ్ల ట్రేలు దాదాపు మూడింటికి చాలును.

దానికి రెండు లోపములు కలవు. మొదటిది ఉప్పు. కొబ్బరి డొక్కలో సహజముగనే పొటాషియము, సోడియము లవణములుండును. ఉప్పుటేటి నీటిలో నానవేసిన డొక్క అయినచో మరింత. మిరప మొలక ఉప్పును ఓర్వలేదు. ఆకు అంచులు మాడి, వేరుకొన గోధుమరంగు తిరుగును. కాబట్టి ఇటుకను నానవేసి, పలుచని గుడ్డలోనో గోనెలోనో పోసి, మంచినీటితో మూడుమార్లు కడిగి పిండవలెను. మొదటి నీరు కాఫీ డికాషనువలె దిగును. రంగు పోవుట గుర్తు కాదు, ఉప్పు పోవుట గుర్తు. ఇంటిలో నీటి శుద్ధియంత్రమున్నవారివద్ద టి.డి.ఎస్. మీటరుండును, కడిగి కారిన నీటి అంకె, పోసిన నీటి అంకెకు దగ్గరపడువరకు కడుగుడు. బోరునీరే ఉప్పనయినచో ఎంత కడిగినను ప్రయోజనము లేదు. వాననీరో, త్రాగునీరో వాడవలెను.

రెండవ లోపము ఆకలి. పచ్చి పొట్టులో కర్బనము మిక్కుటము, నత్రజని స్వల్పము. దానిని చివికించు సూక్ష్మజీవులు మొక్కకు వేసిన నత్రజనిని తామే తినివేయును, నారు పాలిపోవును. అందుచేతనే కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు యూరియాను, పుట్టగొడుగు బీజమును చేర్చి పొట్టును ముందుగా చివికించు పద్ధతిని ప్రచారము చేసిరి. బెంగుళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు పులియబెట్టిన కొబ్బరి పొట్టును రూపొందించిరి. ఇంటిలో నెలనాళ్ల నారుకు ఇంత యత్నము అక్కరలేదు; కొద్దిగా వానపాముల ఎరువు చేర్చినచో ఆ కొరత తీరును.

మేము చెప్పు పాళ్లు ఇవి. కడిగి పిండిన కొబ్బరి పొట్టు 3 కొలతలు, జల్లించిన వానపాముల ఎరువు 1 కొలత, గరుకు పదార్థము 1 కొలత. కొలపాత్ర ఏదైనను సరే, మూడింటికి ఒక్కటే వాడుడు. తూకము పనికిరాదు, తడి పొట్టు బరువు నమ్మదగినది కాదు. గరుకు పదార్థముగా పెర్లైటుగాని వర్మిక్యులైటుగాని దొరికినచో మంచిది. దొరకనిచో బియ్యపుమిల్లు ఊకను నల్లగా మాడ్చినది చక్కగా పనిచేయును. తెల్లని బూడిదయగునట్లు కాల్చరాదు. ఆ బూడిద క్షారగుణము నారుకు పడదు. నదియిసుక వేయదలచినచో సన్నదానిని జల్లించి పారవేసి, రవ్వవలె మిగిలిన గరుకు మాత్రము కడిగి వేయవలెను. సముద్రపు ఇసుక తలపెట్టవలదు.

వానపాముల ఎరువును అయిదవ పాలుకు మించి వేయవలదు. మేలయినదే గదా యని సగము వేయువారున్నారు. అందును లవణములున్నవి, అది ముద్ద కట్టు స్వభావము కలది. పశువుల ఎరువు వాడవలసివచ్చినచో ఏడాది చివికినది కావలెను. గుప్పెట పట్టినప్పుడు వెచ్చగా తగిలినను, పేడవాసన కొట్టినను అది ఇంకను ఉడుకుచున్నదని గుర్తు. అందలి అమ్మోనియా లేతవేళ్లను కాల్చును. చివికిన ఎరువు తొలివాన మంటివాసన వేయును. వేపపిండిని నారులో కాక, మొక్క పెరిగి కుండీకి మారిన తరువాత వాడుకొనవచ్చును.

సిద్ధముగా అమ్ము సంచులను గూర్చి ఒక మాట. సంచిమీద పువ్వుల బొమ్మలెన్ని యున్నను లోపల నున్నదేమో వ్రాయనిచో కొనకుండుటయే మేలు. పెద్దకుండీలకై అమ్ము మిశ్రమము, విత్తనముల మిశ్రమము ఒక్కటి కావు. మొదటిదానిలో ఎరువు ఎక్కువ, ముక్కలు పెద్దవి. కిలోల లెక్కన అమ్ము తడిసంచిలో మనము వెలయిచ్చునది చాలవరకు నీటికే. లీటర్ల లెక్క చూచి కొనుడు.

కలుపుకొన్నదైనను, కొన్నదైనను, అపురూపమయిన విత్తనమును అప్పగించుటకు ముందు పరీక్షింపవలెను. తడిపిన మిశ్రమమును గుప్పెట గట్టిగా పిండుడు. వ్రేళ్ల నడుమ రెండుమూడు చుక్కలు మాత్రమే రావలెను. గుప్పెట విప్పినప్పుడు ముద్ద నిలిచి, వ్రేలితో తాకగనే విడిపోవలెను. ధారగా కారినచో తడి మించినది. ముద్దయే కట్టనిచో చాలలేదు. రెండవ పరీక్షకు పోపులపెట్టెనుండి ఆవాలు తీసుకొనుడు. 20 గింజలు ఈ మిశ్రమములోను, 20 గింజలు తడిగుడ్డలోను వేయుడు. నాలుగయిదు దినములలో రెండుచోట్ల మొలకలు ఇంచుమించు సమానముగా వచ్చి, మిశ్రమములోని వేరు తెల్లగా, నూగుతో నున్నచో ఇక నిర్భయముగా వాడవచ్చును. గుడ్డలో 18, మిశ్రమములో 7 వచ్చినచో దోషము విత్తనముది కాదు. మరల కడుగుడు, ఎరువు తగ్గించుడు. ఈ అయిదు దినముల జాగు వలన ఋతువు దాటిపోదు.

గూళ్లను నింపునప్పుడు వ్రేలితో కూరరాదు; ట్రేను నేలకు రెండుమార్లు తట్టిన చాలును. కూరినచో ఇంత శ్రమపడి సంపాదించిన గాలి సందులు మూసికొనును. వంగ, టమాట, మిరప గింజలను అరసెంటీమీటరు లోతున ఒక్కొక్కటి పెట్టి, అదే మిశ్రమమును పలుచగా కప్పవలెను. ఎఱ్ఱనో, నీలమో రంగు పూసిన గింజలు మందు పట్టించినవి. పిల్లల చేతికి ఇయ్యరాదు. మొలక కనబడువరకు ట్రేను పాలిథిన్ కాగితముతో కప్పి నీడన ఉంచుడు. టమాట వారములోపల, వంగ, మిరప పది దినములకు అటుయిటుగా మొలచును. మొదటి మొలక కనబడిన దినమే కప్పు తీసి వెలుతురులోనికి మార్చవలెను. ఒక్కనాడు ఉపేక్షించినను మొలకలు నూలుపోగులవలె సాగిపోవును; ఆ తప్పు మన్నుమీద వేయరాదు.

నీరు ఉదయముననే చిలకరింపవలెను. సాయంకాలమునకు మొదళ్లు ఆరియుండవలెను. పైపొర రంగు తేలిన తరువాతనే మరల నీరు. నారుకుళ్లు ఒకచోట కనబడినచో ఆ గూటిని దాని చుట్టునున్న వానితో సహా తీసివేసి, నీరు తగ్గించి, గాలి తగులనిచ్చుటయే చికిత్స. ట్రైకోడెర్మా అను మేలుచేయు శిలీంధ్రపు పొడిని విత్తుటకు వారము ముందు తేమగానున్న వానపాముల ఎరువులో కలిపి నీడలో ఉంచి వాడినచో తెగులు రాకుండ కొంత కాపాడును. వచ్చిన తరువాత వేసినచో ఫలము స్వల్పము. బీజదళముల పిమ్మట తొలి నిజమైన ఆకు విచ్చుకొన్నప్పుడు విత్తనపు మూట ఖాళీ యగును. అప్పటినుండి వారమునకొకసారి, నీటిలో కరగు 19:19:19 ఎరువును లీటరునకు 1 గ్రాము చొప్పున కలిపి పోయవచ్చును. టమాట నారు 25 దినములకు, వంగ 30-35 దినములకు, మిరప 35-40 దినములకు నాటుటకు సిద్ధమగును.

కొబ్బరి పొట్టు దొరకని పల్లెలవారు, మన్నుతోనే పనిగడుపువారు నిరుత్సాహపడనక్కరలేదు. మన యెండ ఒక గొప్ప సాధనము. ఏప్రిల్, మే నెలలలో జల్లించిన ఎఱ్ఱమన్ను, గరుకు ఇసుక, చివికిన ఎరువు సమపాళ్లలో కలిపి, తడిపి, అరజానెడు మందమునకు మించకుండ మిద్దెమీద పరచి, పారదర్శకమయిన పాలిథిన్ కాగితమును మన్నుకు అంటుకొనునట్లు కప్పి, అంచులు మూసి, 4 మొదలు 6 వారములు ఉంచవలెను. నల్లకాగితము వలదు, అది వేడిని తానే త్రాగి మన్నుకు కొంచెమే ఇచ్చును. ఈ పద్ధతిని ఇజ్రాయెలులో యాకోవ్ కటాన్ బృందము 1976లో శాస్త్రీయముగా ప్రకటించినది. తడి తప్పనిసరి, పొడిమన్నులోని బీజములు వేడిని చాలకాలము ఓర్చుకొనును. పెనముమీద మన్ను వేయించుటకంటె ఇది మేలు. మితిమీరిన వేడి వలన మన్నులోని మాంగనీసు, అమ్మోనియా విడుదలయి నారుకే చెరుపు చేయును. శుద్ధిచేసిన మన్నును ట్రేలోగాక నాలుగయిదు అంగుళముల లోతుగల కుండీలో నింపుకొనుడు. స్పాంజిని నిలబెట్టిన సంగతి ఇచ్చట పనికివచ్చును.

నారు తీసిన పిదప గూళ్లలో మిగిలిన మిశ్రమమును మరల విత్తనములకు వాడవలదు. తెగులు సోకనిదయినచో దానిని బీర, ఆనప పాదులలో కలిపివేయుడు. సోకినదయినచో వచ్చు వేసవికి పాలిథిన్ కాగితము క్రిందికి పంపుడు. ఖాళీ ట్రేలను సబ్బునీటితో తోమి, ఎండలో బోర్లించి ఆరబెట్టవలెను.